దేవుని తోటలో మనం ఎవరం? కత్తిరింపు, కలుపు, అంటు: ఏ పోలిక ఏం చెబుతోంది

ఉద్యోగం పోయిన మనిషి ప్రార్థన కూటానికి వెళ్తే నాలుగు రకాల ఓదార్పు దొరుకుతుంది. "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడు, ఇంకా ఎక్కువగా ఫలించాలనే" అంటారొకరు. "ఇది నీకు శీతాకాలం, చిగురించే రోజు వస్తుంది" అంటారు ఇంకొకరు. "ఇక్కణ్ణుంచి పెకిలించి మరోచోట నాటబోతున్నాడు" అని మూడో ఆయన. నాలుగో ఆవిడ గొంతు తగ్గించి, "నీలో ఏదో కలుపు ఉండే ఉంటుంది, వెతుక్కో" అంటుంది.

నలుగురూ మాట్లాడింది తోట భాషే. కానీ వాళ్లు చెప్పిన సంగతులు ఒకదానికొకటి పొసగవు. కత్తిరించేది కాపు కాసే తీగను. కలుపు తీయాల్సింది నిర్లక్ష్యం చేసిన మడిలో. శీతాకాలంలో చేయాల్సింది ఓపిక పట్టడం. పెకిలించి నాటేటప్పుడు ఓపిక కుదరదు, వేరు ఎండకముందే గుంటలో పెట్టాలి. ఇంటికి తిరిగొచ్చిన ఆ మనిషి ఏం చేయాలి? ఉండాలా, వెళ్లాలా, పశ్చాత్తాపపడాలా, సంతోషించాలా?

ఈ చిక్కు ఎక్కడ పడిందంటే, బైబిల్లో "తోట" అనే పోలిక ఒక్కటే ఉందని మనం అనుకోవడం దగ్గర. నిజానికి అక్కడున్నవి చాలా తోటలు. వేరువేరు శతాబ్దాల్లో, వేరువేరు రచయితలు, వేరువేరు ప్రశ్నలకు జవాబుగా చెప్పినవి. ఒక తోటలోని కత్తెర తెచ్చి ఇంకో తోటలోని మొక్క మీద పెడితే ఇలాగే అవుతుంది.

## ముందు మాటల అర్థాలు

క్రైస్తవ బోధలో రక్షణ అంటే క్రీస్తు ద్వారా మనిషి దేవునితో సమాధానపడటం. ఆత్మీయ ఎదుగుదల అంటే ఆ తర్వాత అతని స్వభావం, అలవాట్లు, కోరికలు క్రీస్తు పోలికలోకి మారుతూ రావడం. వేదాంతులు దీన్ని పరిశుద్ధీకరణ అంటారు. ఫలం అంటే ఆ మార్పు బయటికి కనబడటం.

ఈ ఫలం దగ్గరే మన నోటి అలవాటు ఒకటి చెప్పుకోవాలి. "ఆత్మ ఫలాలు తొమ్మిది" అనేస్తుంటాం. గలతీయులకు రాసిన పత్రిక 5:22లో ఉన్నది "ఆత్మ ఫలము", ఏకవచనం. గ్రీకులోనూ అంతే. దానికి కాస్త ముందు "శరీర కార్యములు" మాత్రం బహువచనం. ప్రేమ, సంతోషం, సమాధానం మొదలుకొని ఆశానిగ్రహం దాకా తొమ్మిదీ ఒకే పండులోని తొనల్లాంటివని చాలామంది వ్యాఖ్యాతలు దీన్నుంచి చెబుతారు. అంటే "నాకు సంతోషం ఉంది గానీ దీర్ఘశాంతం లేదు, అది ఇంకొకరి వరం" అనడానికి వీల్లేదు.

ఉపమానాన్ని ఎలా చదవాలన్నదీ పాత వివాదమే. ఒక్కో ఉపమానం ఒక్క విషయమే చెబుతుందని, ప్రతి వివరానికీ అర్థం వెతకకూడదని జర్మన్ పండితుడు అడోల్ఫ్ యూలిఖర్ 1888లో గట్టిగా వాదించాడు. కానీ విత్తువాని ఉపమానాన్ని సువార్తల్లో యేసే వివరం వెంట వివరంగా విప్పి చెప్తాడు కదా అన్నది ఆ వాదనకు ఎదురైన చిక్కు. అందుకే తర్వాతి పండితులు ఆయన మాటను సగమే తీసుకున్నారు. నాకూ ఆ సగమే సబబనిపిస్తుంది. కథ తానుగా విప్పిన వివరాలను తీసుకోవాలి, విప్పనివాటిని లాగకూడదు.

## ఒకే మనిషి నేల, తీగె, చెట్టు, కూలివాడు

యెషయా 5లో తోట యజమాని దేవుడు, ద్రాక్షతోట ఇశ్రాయేలు. మంచి తీగెలు నాటితే కారుద్రాక్షలు కాశాయన్నది ఫిర్యాదు. అది జాతి గురించి, న్యాయం తప్పిన సమాజం గురించి. ఒక వ్యక్తి ప్రార్థనా జీవితం గురించి కాదు. యోహాను 15కు వచ్చేసరికి ద్రాక్షావల్లి యేసే అయిపోతాడు, తండ్రి వ్యవసాయకుడు, శిష్యులు తీగెలు. విత్తువాని ఉపమానంలో మనం మొక్కలం కూడా కాదు, నేల. మొదటి కీర్తనలో నీతిమంతుడు నీటికాలువల ఒడ్డున నాటిన చెట్టు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో తొలి బోధకులైన పౌలు, అపొల్లో పొలంలో పనివాళ్లు, సంఘం పొలం. పైగా అదే వాక్యం చివర్లో ఆ పొలాన్ని పౌలు ఇల్లుగా మార్చేస్తాడు: "మీరు దేవుని వ్యవసాయమును దేవుని గృహమునై యున్నారు". పోలికలు కలిసిపోతాయన్న బెంగ ఆయనకేం లేదు.

కాబట్టి ఏ వాక్యం చేతికొచ్చినా ముందు అడగాల్సింది "ఇది నాకేం చెబుతోంది" అని కాదు. ఈ తోటలో నేనెవర్ని అని.

## కత్తిరింపు: ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా పొరబడేదీ

శీతాకాలపు కత్తిరింపు అయ్యాక ద్రాక్షతోటను మొదటిసారి చూసినవాళ్లు ఎవరో తోటను నాశనం చేశారనే అనుకుంటారు. నిరుడు పందిరంతా కమ్మేసిన తీగెలుండవు. మెలితిరిగిన మొద్దు, దాని మీద రెండు మూడు పొట్టి పుల్లలు, పుల్లకు రెండో మూడో కన్నులు. నిరుటి పెరుగుదలలో 80 నుంచి 90 శాతం దాకా కోసేయడం మామూలే. చలి తగ్గి వేరు మేలుకోగానే కోసిన చోట్ల నుంచి తేటనీరు బొట్లుబొట్లుగా కారుతుంది, ద్రాక్ష ఏడుస్తున్నట్టే.

అంత కోయడానికి కారణం ఉంది. ద్రాక్ష గుత్తులు ముఖ్యంగా నిరుటి కొమ్మ మీది కన్నుల నుంచి ఈ ఏడు లేచే చిగుళ్లకే వస్తాయి. అన్ని కన్నులూ ఉంచేస్తే అన్నీ చిగురిస్తాయి, వేరు తెచ్చే బలం అన్నిటికీ పంచుకుపోతుంది. ఆకు దట్టమవుతుంది, లోపలికి ఎండ దిగదు, కాయ చిన్నదై పులుపెక్కుతుంది. కోసేసేది ఎప్పుడూ చెడ్డ కొమ్మే కాదు. ఆరోగ్యంగా ఉన్నదీ పోతుంది, ఎక్కువైందన్న ఒక్క కారణంతో. ఓదార్చడానికి వచ్చేవాళ్లు వదిలేసేది ఈ ముక్కనే.

ఇప్పుడు యోహాను 15:2. గ్రీకులో ఇక్కడ మాటల ఆట ఉంది. ఫలించని తీగెకు "ఐరెయ్", ఫలించే తీగెకు "కథైరెయ్". రెండో మాటకు శుభ్రం చేయడం అని అర్థం. వెంటనే మూడో వచనంలో యేసు శిష్యులతో మీరు "కథరొయ్" అంటాడు, అదే ధాతువు. మన తెలుగు బైబిల్లో రెండో వచనంలో "పనికిరాని తీగెలను తీసి వేయును" అని, మూడో వచనంలో "నేను మీతో చెప్పిన మాటనుబట్టి మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అని ఉంటుంది. అర్థం తప్పలేదు. రెండింటి మధ్య దారం మాత్రం తెగింది. గ్రీకులో విన్నవాడికి తీగెను శుభ్రం చేసే పని, మాట వల్ల పవిత్రులవడం ఒకటే అని వినబడుతుంది. అంటే ఆ వాక్యంలో కత్తెర ఏమిటో వాక్యమే చెప్పింది: యేసు చెప్పిన మాట. ఉద్యోగం పోవడమో, జబ్బు చేయడమో అని అక్కడ లేదు.

అయితే రెండో పక్షం కూడా బలంగానే ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం తండ్రి కొడుకును శిక్షించినట్టు దేవుడు తనవారిని శిక్షిస్తాడని, అది అప్పటికి దుఃఖకరంగా ఉన్నా తర్వాత "సమాధానకరమైన ఫలము" ఇస్తుందని చెబుతుంది. ఫలం అన్న మాట అక్కడా ఉంది కాబట్టి, కష్టాలు కూడా దేవుని చేతిలో కత్తెరే అని ఎందరో బోధకులు తరతరాలుగా చెప్పారు. ఈ రెండు పక్షాలకూ అసలు తేడా చిన్నది గానీ ముఖ్యమైనది. కష్టాన్ని దేవుడు వాడుకోగలడు అనడం ఒకటి. ఈ కష్టాన్ని దేవుడే ఫలానా కొమ్మ కోసం పంపాడు అని పక్కింటివాడు తేల్చి చెప్పడం ఇంకొకటి. మొదటిదానికి ఆధారం గట్టిగా ఉంది. రెండోది చెప్పాలంటే తోటమాలి మనసు తెలియాలి.

"ఐరెయ్" మీద ఇంకో చర్చ నడుస్తోంది. ఆ క్రియకు తీసేయడం అనీ, పైకెత్తడం అనీ రెండర్థాలూ ఉన్నాయి. నేల మీద పాకే తీగెను ఎత్తి కట్టినట్టు, ఫలించని శిష్యుణ్ణి దేవుడు లేవనెత్తుతాడని కొందరి వ్యాఖ్యానం. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆరో వచనంలో నిలిచియుండని తీగెను బయట పారేయడం, ఎండిపోవడం, అగ్నిలో వేయడం వరుసగా ఉన్నాయి. అందుకే ఎక్కువమంది అనువాదకులు "తీసివేయు" అన్న అర్థానికే మొగ్గు చూపారు, తెలుగు అనువాదకులతో సహా. ఆ అగ్నిలో పడ్డది రక్షణ పోగొట్టుకున్న విశ్వాసా, అసలెన్నడూ నిజంగా అతుక్కోని పైపై శిష్యుడా అన్నదాని మీద ఆర్మీనియస్ అనుయాయులు (రక్షణ పోగొట్టుకోవచ్చనేవాళ్లు), కాల్విన్ అనుయాయులు (నిజమైన రక్షణ పోదనేవాళ్లు) నాలుగు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. అది ఈ వ్యాసంలో తేలేది కాదు.

ఉద్యోగం పోయిన మనిషి దగ్గరికి ఇప్పుడు వెళ్దాం. కత్తిరింపు పోలిక అతనికి పూర్తిగా అతకాలంటే మూడు సంగతులు కుదరాలి. అతను అప్పటికే ఫలిస్తున్న తీగె కావాలి. పోయినది ఫలానికి అడ్డంగా పెరిగినదై ఉండాలి. కోసినవాడు దేవుడై ఉండాలి, ఏదో కంపెనీ లెక్కల పుస్తకం కాదు. మొదటిది సంఘం చూడగలదు. రెండోది ఏళ్లు గడిచాక అతనే చెప్పగలడు. మూడోది బయటివాళ్లెవరూ చెప్పలేరు.

## కలుపు ఉందా అని అడిగే నాలుగో ఆవిడ

లూకా 13లో ఒక అంజూరపు చెట్టు ఉంది. యజమాని మూడేళ్లుగా వచ్చి చూస్తున్నాడు, కాయ లేదు, నరికేయమన్నాడు. ద్రాక్షతోట మాలి ఈ ఒక్క ఏడాది ఆగమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలాడు. ఈ కథ ఎందుకు చెప్పాల్సి వచ్చిందో దాని పై వచనాల్లోనే ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులని మీరనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదు అని తానే జవాబిచ్చాడు. ఆ వెంటనే మారుమనస్సు గురించి హెచ్చరించి అంజూరపు చెట్టు కథ చెప్పాడు. దెబ్బ తగిలినవాడి వైపు వేలు చూపడానికి వాడే పోలిక, దెబ్బ తగిలినవాడి వైపు వేలు చూపొద్దు అన్న సందర్భంలో పుట్టింది!

గురుగుల ఉపమానం ఇంకా తమాషా. మత్తయి 13లోని గురుగు గోధుమను పోలిన గడ్డి అని పండితుల మాట, గ్రీకులో "జిజానియొన్". మొలకగా ఉన్నప్పుడు రెండింటినీ విడదీయడం కష్టం. వెన్ను వేశాకే తేడా తెలుస్తుంది. అప్పటికి వేళ్లు అల్లుకుపోయి ఉంటాయి. పెరికితే గోధుమా వస్తుంది, కాబట్టి కోత దాకా ఆగమంటాడు యజమాని. ఇప్పుడు ఈ గురుగు నా మనసులోని పాపమనుకుని చదివితే ఏమొస్తుంది? "నీ పాపాన్ని పీకకు, కోత దాకా పెరగనీ" అని. ఏ బోధకుడూ ఒప్పుకోని మాట. అదృష్టవశాత్తూ 38వ వచనం "పొలము లోకము" అని తేల్చేసింది. ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులనే క్రైస్తవ వర్గం తమ సంఘమే స్వచ్ఛమైనదని నాలుగో శతాబ్దం మొదట్లో వేరుపడింది. ఆ శతాబ్దం చివరి నుంచి వాళ్లతో వాదించిన అక్కడి బిషప్పు అగస్టీను ఇదే ఉపమానం చూపించి సంఘంలోనూ మంచీ చెడూ కోత దాకా కలిసే ఉంటాయన్నాడు. లోకం అని ఉన్నచోట సంఘం ఎలా వచ్చిందని అవతలివాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

సొంత మనసులో పీకాల్సిన మొక్కకు వేరే పోలిక ఉంది: హెబ్రీ 12:15లోని "చేదైన వేరు". అక్కడ ఆగమని లేదు, మొలవకుండా చూసుకోమని ఉంది. రెండూ కలుపే, రెండు పొలాలు.

## రాతినేల మీద తొందరగా మొలిచేది

విత్తువాని ఉపమానం అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క గమనింపుతో దాటేస్తాను. రాతినేలలో పడ్డ విత్తనం మిగతావాటికంటే ఆలస్యంగా కాదు, "వెంటనే" మొలిచింది. కారణం మత్తయే రాశాడు, మన్ను లోతుగా లేకపోవడం. పైన పల్చటి మట్టి, కింద రాయి ఉంటే ఆ మట్టి త్వరగా వేడెక్కుతుంది, వేరు కిందికి దిగలేక బలమంతా పైకే వస్తుంది. చూసేవాడికి అదే అన్నిటికంటే జోరుగా ఉన్న మొక్క. తొందరగా కనబడే ఎదుగుదలను అనుమానంగా చూడమన్న పాత పెద్దల మాటకు మూలం ఇదే. నాలుగు నేలలూ నలుగురు మనుషులా, ఒకే మనిషి నాలుగు దశలా అంటే, ఉపమానం మొదటిదే చెబుతోంది. రెండోది బోధలో పుట్టింది గానీ దానికీ ఆధారం లేకపోలేదు. హోషేయ 10:12 బీడుభూమిని దున్నమంటుంది. బీడు ఎప్పటికీ బీడే అయితే ఆ పిలుపెందుకు?

## నీళ్లు పోసేదెవరు, పెంచేదెవరు

"నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అన్నాడు పౌలు. మార్కు 4లో ఇంకా సూటిగా ఉంది. రైతు విత్తి నిద్రపోతాడు, లేస్తాడు, ఎలా మొలుస్తుందో అతనికి తెలియదు. భూమి తనంతట తానే పంటనిస్తుంది. ఆ "తనంతట తానే" అన్న చోట గ్రీకులో "ఆటొమటె" ఉంది, ఆటోమేటిక్ అన్న మాటకు చుట్టమే.

మరి మనిషి పని ఎంత? ఐదో శతాబ్దంలో పెలాగియస్ అనే బోధకుడికీ అగస్టీనుకూ మధ్య రేగిన గొడవ ఇదే. మనిషి తన ఇష్టంతో మంచిని ఎంచుకోగలడని పెలాగియస్ పక్షం. కృప, అంటే దేవుడు ఉచితంగా చేసే సాయం, లేకుండా ఆ ఎంపికే మొలవదని అగస్టీను. 418లో కార్తేజు సభ పెలాగియస్ బోధను ఖండించింది. 529లో ఆరెంజి సభ విశ్వాసానికి తొలి అడుగు కూడా కృపేనని చెప్పింది. తూర్పు సంఘాలు మాత్రం దేవుడూ మనిషీ కలిసి పనిచేయడం అనే భాషనే ఇష్టపడ్డాయి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:12, 13 రెండు పక్షాలకూ చెరో వచనం ఇచ్చినట్టుంటుంది. మీ రక్షణను కొనసాగించుకోండి అని ఒకటి, మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అని దాని పక్కనే ఇంకొకటి.

ఈ ముడిని వాదనతో కాక నీటితో విప్పిన మనిషి ఒకామె ఉంది, స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరేసా (1515–1582). ఆమె లెక్కలో ఆత్మ తోట, ప్రార్థించే మనిషి తోటమాలి, యజమాని ప్రభువు. పనికిమాలిన గడ్డిని పీకి మంచి మొక్కలు నాటడం ప్రభువే చేశాడు, మనకు మిగిలింది నీళ్లు పెట్టడం. దానికి నాలుగు దారులు. బావిలోంచి బొక్కెనతో తోడిపోయడం, ఇందులో చేతులు పుళ్లవుతాయి, కొన్నిసార్లు బావి కూడా ఎండే ఉంటుంది. చక్రం తిప్పి నీళ్లెత్తడం, శ్రమ తక్కువ, నీళ్లెక్కువ. ఏరు నుంచి కాలువ పారించడం. చివరికి వాన, అప్పుడు తోటమాలి చేసేదేమీ లేదు. ప్రార్థన మొదట్లో ఎండుబావి లాగా ఎందుకుంటుందో, తర్వాత ఎందుకు తేలికవుతుందో ఆమె ఇలా చెప్పింది. ఇందులో నాకు నచ్చేది, వాన పడని రోజున బొక్కెన పక్కన పెట్టమని ఆమె అనకపోవడం.

## చోటు మారడం, అంటు కట్టడం, చలికాలం

నారును మడి నుంచి తీసి నాటితే ఒకటి రెండు రోజులు తలవేలాడేస్తుంది. మట్టి ఎంత జాగ్రత్తగా పట్టినా వేరు కొసన ఉండే సన్నటి నూగు తెగిపోతుంది, నీళ్లు తాగేది ఆ నూగే. కాబట్టి పాదు తడిగా ఉన్నా మొక్క దాహంతో వాడుతుంది. ఊరు మారిన, పెళ్లయిన, తోడు పోయిన మనిషి "దేవుడు దగ్గరగానే ఉన్నాడని తెలుసు, కానీ ఏమీ అందడం లేదు" అంటే నాకు గుర్తొచ్చేది ఈ తెగిన నూగు. మొదటి కీర్తనలో చెట్టు "నాటబడినది". ఆ హీబ్రూ మాటకు ఎక్కడి నుంచో తెచ్చి నాటినది అనే ఛాయ ఉందని కొందరు పండితులంటారు. పక్కనున్నదీ నది కాదు, కాలువ. చెరపట్టి బబులోనుకు తీసుకెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలో (29:5) ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉండటం మామూలు సలహా కాదు. పండు తినేదాకా అక్కడే ఉంటారని చెప్పడం అది. లేవీయకాండం 19 ప్రకారం నాటిన చెట్టు పండు మూడేళ్లు ముట్టకూడదు, నాలుగో ఏట అది దేవునికి ప్రతిష్ఠితం, తినేది ఐదో ఏట.

రోమా 11లోని అంటు మాత్రం తోటపని తెలిసినవాళ్లను ఆపేస్తుంది. మామూలుగా అడవి మొద్దుకు మంచి చెట్టు కొమ్మను అంటుకడతారు. పౌలు అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవకు కడతాడు. పౌలుకు వ్యవసాయం తెలియదని వెక్కిరించినవాళ్లున్నారు. కాపు తగ్గిన ముసలి చెట్టుకు అడవి అంటు కట్టే పద్ధతి పాతకాలంలో ఉందని సమర్థించినవాళ్లూ ఉన్నారు. నాకైతే 24వ వచనమే చాలనిపిస్తుంది. అది "స్వభావవిరుద్ధముగా" జరిగిందని పౌలే అంటున్నాడు, పద్ధతి తిరగబడిందని తెలిసే రాశాడు. ఇంకో సంగతి: అంటు కొమ్మ మొద్దు నీళ్లు తాగినా కాసేది తన జాతి కాయనే. అన్యజనులు యూదులు కాకుండానే ఆ వేరులో పాలుపొందారనే పౌలు వాదనకు అది బాగా అతుకుతుంది. మనిషి స్వభావమే మారాలనే బోధకు అతకదు. ఒకే అంటు, ఒక పనికొస్తుంది, ఒక పనికి రాదు.

"ఆత్మీయ శీతాకాలం" అన్నది నిజానికి ఏ ఉపమానంలోనూ లేదు, తర్వాతి బోధకులు చేర్చింది. అయినా ప్రకృతిలో దానికి ఆధారం ఉంది. చాలా ఆపిల్ రకాలకు వందల గంటల చలి తగలకపోతే మొగ్గ సరిగా విచ్చదు. చలి అక్కడ ఎదుగుదలకు విరామం కాదు, అందులో భాగం. గోధుమగింజ మాట (యోహాను 12:24) కూడా ఇక్కడే తెస్తుంటారు. చచ్చిన గింజ మొలవదు కదా అని వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే, మొలిచే గింజ బతికే ఉంటుంది, పోయేది గింజ రూపం, అందులో దాచుకున్న పిండి. యేసు మాట్లాడింది కంటికి కనబడే భాషలో. పైగా ఆ మాట మొదట తన మరణం గురించి. మన మార్పుల గురించి ఆ తర్వాతే, 25వ వచనంలో.

## ఏ పోలికకూ లొంగని మొక్క

తోట పోలికలన్నిటికీ ఒక హద్దుంది. మొక్క తప్పు ఒప్పుకోదు, పారిపోదు, ఎందుకిలా చేశావని అడగదు. బైబిల్లో మనుషులు ఈ మూడూ చేస్తారు. యోనా ప్రవక్త ఈ మూడు పనులూ ఒక్కడే చేశాడు. అతని కథ చివర్లో ఒక సొరచెట్టు రాత్రికి రాత్రి లేచి నీడనిచ్చింది, మర్నాడు తెల్లవారేసరికి పురుగు కొట్టి ఎండిపోయింది. ఎవరూ కత్తిరించలేదు, కలుపు లేదు, శీతాకాలం కాదు, ఫలం మాటే లేదు. యోనా కోపంతో చచ్చిపోతానన్నాడు. దేవుడు అతనికి చెట్టు గురించి పాఠమేమీ చెప్పలేదు. నువ్వు కష్టపడి పెంచని చెట్టు కోసం ఇంత బాధపడుతున్నావే, లక్ష ఇరవై వేలకు పైగా మనుషులు, బోలెడు పశువులు ఉన్న నీనెవె పట్టణం గురించి నేను బాధపడొద్దా అని అడిగాడు. పుస్తకం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు.